బందరులో రెండు రోజుల భోజనం

ప్రయాణమంటే మా ఇంట్లో ముందుగా సర్దేది బట్టలు కాదు, టిఫిన్ క్యారియరు. ఏ ఊరికి బయలుదేరినా "అక్కడ మనం తినేది దొరుకుతుందా?" అన్న ప్రశ్న మాకంటే ముందే గడప దగ్గరకు వచ్చి నిలబడుతుంది. పాఠక సోదరసోదరీమణులలో చాలామందికి ఇది కొత్త సంగతి కాదు. చూడవలసిన ప్రదేశాల జాబితా పది నిమిషాల్లో తయారవుతుంది. ఎక్కడ తినాలన్న దగ్గరే సాయంత్రమంతా గడిచిపోతుంది.

అందులోనూ మాకొక పాత గాయం ఉంది. కిందటి ఏడాది మరొక సముద్రతీర పట్టణానికి వెళ్ళినప్పుడు ఒక హోటలు ముందు ఆకుపచ్చ అక్షరాల్లో 'హలాల్' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్ళాము. మాలో ఒకరు బోర్డు చూసి, రెండోవారు లోపల అడిగి ఉంటారనుకున్నారు. రెండోవారూ సరిగ్గా అలాగే అనుకున్నారు. కోడి బిర్యానీ పళ్ళెం ముందుకు రాగానే అమ్మీ "అడిగారా?" అన్నది. ఇద్దరమూ ఒక్కసారే "అడిగాం" అన్నాము. ఆమె బిస్మిల్లాహ్ అని చెయ్యి పెట్టింది.

బిల్లు కట్టేటప్పుడు సర్వరు మాటల సందర్భంలో చెప్పాడు. ఆ బోర్డు పాత యజమాని పెట్టినదట. ఇప్పుడు కోడి మాంసం ఎక్కడినుంచో పెట్టెల్లో వస్తుందట, ఎవరు కోశారో తనకు తెలియదట. మా గుండె జారిపోయింది. గదికి చేరాక ఇద్దరమూ ఆలోచించి, ఆమె తెలియక తిన్నది గనుక ఇప్పుడు చెప్పి పెద్దావిడ మనసు కష్టపెట్టడమెందుకని ఊరుకున్నాము. ఆ ఊరుకోవడానికి 'జాలి' అని పేరు కూడా పెట్టుకున్నాము.

అప్పటినుంచి అమ్మీ క్యారియరు బరువెక్కింది. చపాతీలు, ఉడికించిన గుడ్లు, ఖీమా వేపుడు, చివరికి పచ్చడి సీసాతో సహా సర్దేది. బయట పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టేది కాదు. మేము దానిని వయసుతో వచ్చిన చాదస్తంగా తీసుకున్నాము. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఒకనాడు తెగేసి చెప్పింది: "కారులో కూర్చుని చల్లారిన చపాతీ తినడానికైతే నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళకండి." ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది.

ఈ శీతాకాలంలో రెండు రోజుల సెలవు దొరికితే మచిలీపట్నం వెళ్దామని మళ్ళీ సాహసించాము. ఖమ్మం నుంచి ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరితే విజయవాడ, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి పొద్దెక్కేసరికి చేరవచ్చు. మా తరం వారికి ఆ ఊరు బందరే. బందరు అంటే ఫారసీలో ఓడరేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఆ రాజ్యానికి సముద్రద్వారం ఇదే. డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. పారశీక వర్తకులు ఇక్కడ దిగారు. ఎర్రసముద్రం వైపు సాగే ఓడల్లో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ ఇక్కడినుంచే ఎక్కేవారు. ఎక్కడెక్కడి బాటసారులకో అన్నం పెట్టిన ఊళ్ళో మా ఐదుగురికి ముద్ద దొరకదా అనుకున్నాము.

అయినా అమ్మీ క్యారియరు కారెక్కింది.

దారిలో పొద్దుటి టిఫిను గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. శాకాహార హోటల్లో పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. మనవాళ్ళు ఏ ఊళ్ళో దిగినా ముందు బిర్యానీ ఎక్కడని వెతుకుతూ, కళ్ళెదుట పొగలు కక్కే పెసరట్టును పట్టించుకోరు. అది కూడా అల్లాహ్ ప్రసాదించిన పరిశుద్ధ ఆహారమే కదా. అమ్మీ మాత్రం తన డబ్బా తానే విప్పుకున్నది. మా అమ్మాయి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నది.

మధ్యాహ్న భోజనానికి ముందు మా దిగుడుగది ఉన్న లాడ్జివారి హోటలు చూశాము. లోపల చల్లగా, శుభ్రంగా ఉన్నది. అయితే అద్దాల తలుపుకు అవతలే బారు. అక్కడి గ్లాసులు ఇక్కడి బల్లల మీదికీ వస్తున్నాయి. మద్యం తిరిగే పంక్తిలో కూర్చోవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. పేరులో 'ఫ్యామిలీ' అని ఉన్నంత మాత్రాన ప్రతి చోటూ కుటుంబంతో కూర్చోదగినది కాదు. వెనుదిరిగాము.

గిలకలదిండి చేపల రేవు వైపు వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు కనబడింది. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, పొయ్యి ముందు చెమట తుడుచుకుంటున్న ఒక నడివయసు స్త్రీ. అరిటాకుల్లో అన్నం, ముద్దపప్పు, గోంగూర, మట్టిదాకలో చేపల పులుసు. అలవాటు ప్రకారం మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఎవరు అడగాలి? ఏమని అడగాలి? ఈ రోజుల్లో 'హలాల్' అన్న మాట నోట రాగానే ఎదుటివారి ముఖంలో ఏ రంగు మారుతుందో తెలియదు. పక్క బల్లమీద వాళ్ళు తలతిప్పి చూస్తారేమో. ఆ సంకోచం నిజం. దాన్ని కాదనడం మాకు చేతకాదు. కానీ ఆ సంకోచం వల్లనే కిందటి ఏడాది మా నోట అబద్ధం వచ్చింది.

మేము తటపటాయిస్తూ ఉండగానే మా అమ్మాయి పొయ్యి దగ్గరకు వెళ్ళింది.

"ఆంటీ, మేము ముస్లిములం. మీ చికెన్ ఎక్కడిది?"

ఆమె గరిటె ఆపలేదు. "పక్క వీధి కొట్టుది పాపా. మీ సాయిబుల కొట్టు కాదు. మీరు తినరుగా, వద్దు. చేపలు తినండి, పొద్దున రేవులో కొన్నవి."

"చేపలు వేపేది ఆ నూనెలోనేనా?"

ఈసారి ఆమె తలెత్తి చూసింది. "పెనం ఒకటే. ఉండు." పెనాన్ని దించి, నూనె వేరే గిన్నెలో వంచి, బూడిదతో తోమి, కడిగి, కొత్త ప్యాకెట్టు కత్తిరించి నూనె పోసింది. గరిటె కూడా మార్చింది. అది చేస్తూనే మాతో అన్నది: "నిన్న మీవాళ్ళే ఒక కుటుంబం వచ్చి చికెన్ తిని వెళ్ళారండి. అడగలేదు. అడక్కుండా నేనేం చెప్పను? తినేవాళ్ళో తిననివాళ్ళో నాకేం తెలుసు? అడిగితే చెప్పేదాన్నే."

మేము ఆకులు కడుక్కోవడంలో మునిగిపోయాము.

అమ్మీ అప్పటిదాకా ఒడిలోని క్యారియరు పట్టుకుని కూర్చుని ఉన్నది. లేచి వెళ్ళి, బుట్టలోని చందువ మొప్పలు ఎత్తి చూసింది. మొప్ప ఎర్రగా, కన్ను తేటగా ఉన్నది. తిరిగివచ్చి క్యారియరును బల్ల కిందికి తోసి, "నాకూ ఒక ఆకు వెయ్యమ్మా" అన్నది. "వేస్తాను మామ్మగారూ" అన్నది ఆమె.

ఆ చేపల పులుసు గురించి ఎంత రాసినా తక్కువే. వంజరం ముక్క విరగకుండా, చింతపండు పులుపు నాలుకను కొరకకుండా, చివర్లో మెంతుల చిరుచేదు తగిలేలా ఉన్నది. ముందునాడు సాయంత్రమే వండి ఉంచిందట. చేపల పులుసు ఒక రాత్రి నిద్ర చేస్తేనే పండుతుందని ఆమె సిద్ధాంతం. వేపిన చందువకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం తప్ప మరేమీ లేవు. హోటళ్ళలో ఎర్రరంగు పూసి, మొక్కజొన్న పిండి పట్టించి ఇచ్చే దానికీ దీనికీ పోలిక లేదు. ఇంకొక సంగతి కూడా ఆమే చెప్పింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో వచ్చి సముద్రపు చేప కావాలంటే ఎక్కువగా ఐసులో దాచినదో, చెరువు చేపో దొరుకుతుంది. వేసవి సెలవుల్లోనే తీరానికి పరుగెత్తే మనబోటి కుటుంబాలు గుర్తుంచుకోదగిన మాట ఇది.

పక్క బల్ల మీద పీతల కూర కనబడగానే మా అబ్బాయి కళ్ళు అటే పోయాయి. వాడికి తొమ్మిదేళ్ళు. "మనం తినకూడదు బేటా" అన్నది అమ్మీ. ఎందుకు తినకూడదని వాడు పట్టుబట్టాడు. చెప్పవలసి వచ్చింది. హనఫీ విద్వాంసుల దృష్టిలో సముద్ర జీవులలో చేప ఒక్కటే ధర్మసమ్మతం. పీత చేప కాదు గనుక హనఫీలు తినరు. షాఫయీ విద్వాంసులు సముద్ర జీవుల విషయంలో మరింత విశాలంగా వ్యాఖ్యానించారు. కేరళ తీరంలోనూ, కొంకణంలోనూ ముస్లిములు ఎక్కువగా షాఫయీలే. సముద్రం పక్కన బతికే ఆ ఇళ్ళలో పీత వండుతారు. ఇద్దరూ ఆధారాలు చూపుతారు, ఇద్దరూ మన సోదరులే. అబ్బాయి అంతా శ్రద్ధగా విని, "అయితే ఈ ఒక్క పూటకు నేను షాఫయీ అవుతాను" అన్నాడు. అమ్మీ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆమె బయట నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

రొయ్యల కథ మా ఇంట్లో మరీ చిత్రం. హనఫీ విద్వాంసులలోనే దీని మీద భేదాభిప్రాయం ఉన్నది. రొయ్యను చేపగా లెక్కించినవారు తినవచ్చన్నారు, కాదన్నవారు మానడం మేలన్నారు. మాలో ఒకరి పుట్టింట్లో రొయ్యల ఇగురు లేనిదే పండుగ కాదు, అమ్మీ ఇంట్లో అది గడప దాటి రాలేదు. పదిహేనేళ్ళ సంసారంలో రొయ్యలు వండిన రోజున అమ్మీకి వేరే పొయ్యి, వేరే గిన్నె. ఆమె ఒక్కసారి కూడా మాట అనలేదు, మేమూ ఒక్కసారి కూడా ఆమెను తినమనలేదు. బందరు చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల చెరువులే. ఆ మధ్యాహ్నం మాలో ఒకరి ఆకులో రొయ్యలు పడ్డాయి, పక్కనే అమ్మీ ఆకులో పడలేదు.

సాయంత్రం మంగినపూడి వెళ్ళాము. ఊరికి సుమారు పదకొండు కిలోమీటర్లు. ఇతర తీరాల్లోలా అక్కడ తెల్లని ఇసుక ఉండదు, నేల నల్లగా ఒండ్రులా ఉంటుంది. చాలా దూరం వరకు నీరు మోకాలి లోతే. ఈ మెత్తని సముద్రమే 1864 నవంబరు 1న తుపాను అలగా ఊరి మీదికి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నదంటే నమ్మబుద్ధి కాదు. ఒడ్డున బండ్ల మీద ముంత మసాలా, ఉడికించిన వేరుశనగకాయలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు. వీటికి ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. పొత్తు మీద నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాసి ఇస్తుంటే అమ్మీ కూడా ఒకటి తీసుకున్నది.

మగ్రిబ్ నమాజు తీరం మీదనే చేశాము. చదివిన చాప మడవకుండా అమ్మీ దాని మీదే కూర్చుని పిల్లలకు ఒక వృత్తాంతం చెప్పింది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మందిని దైవప్రవక్త (స) సముద్రతీరానికి పంపారు. ఇచ్చిన ఆహారం ఒక సంచి ఖర్జూరాలు. చివరికి మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరం వంతున వచ్చింది. దాన్ని పసిపిల్లల్లా చప్పరించి నీళ్ళు తాగేవారు. ఆకలితో చెట్ల ఆకులు రాల్చుకుని తిన్నారు. అప్పుడు ఒడ్డున చిన్న గుట్టలా ఒక మహామత్స్యం కనబడింది. అది చచ్చినది కదా అని అబూ ఉబైదా మొదట సందేహించారు. తరువాత, మనం దైవమార్గంలో ఉన్నాము, ఆకలికి తాళలేకున్నాము, తినండి అన్నారు. అందరూ రోజుల తరబడి తిన్నారు.

"తిని ఊరుకోలేదు బేటా" అన్నది అమ్మీ. "మదీనాకు తిరిగి వెళ్ళగానే ప్రవక్తతో (స) చెప్పారు, ఇలా తిన్నాము అని. అది అల్లాహ్ మీకిచ్చిన ఆహారమే, ఇంకేమైనా మిగిలిందా అని ఆయన అడిగారు. పంపితే ఆయన కూడా తిన్నారు."

పిల్లలు చేప ఎంత పెద్దదని అడుగుతూ నీళ్ళ వైపు పరుగెత్తారు. మేము కదలలేదు. 'తిని ఊరుకోలేదు' అన్న మాట దగ్గరే మా మనసు ఆగిపోయింది. మాలో ఎవరు ముందు నోరు తెరిచామో ఇప్పుడు గుర్తు లేదు. కిందటి ఏడాది హోటలు సంగతి, అడగకుండానే అడిగామన్న సంగతి, తెలిసిన తరువాత దాచిన సంగతి అంతా చెప్పేశాము.

అమ్మీ సముద్రం వైపే చూస్తూ విన్నది. "సర్వరు మాటలు నాకూ వినబడ్డాయి" అన్నది చివరికి. "చెవులు పనిచేస్తూనే ఉన్నాయి కదా. రాత్రి చెబుతారనుకున్నాను. పొద్దున చెబుతారనుకున్నాను. తరువాత ఎదురుచూడడం మానేశాను."

"మరి మాతో అనలేదేం అమ్మీ?"

"తెలియక తిన్నదానికి నాకు భయం లేదు. అల్లాహ్ క్షమించేవాడు. మీ మాట మీద తినడం మాత్రం నాకు కష్టమైపోయింది. అందుకే నా డబ్బా నేను కట్టుకున్నాను."

అంతకు మించి ఆమె ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనలేకపోయాము. ఏడాది పొడవునా చాదస్తమని నవ్వుకున్న ఆ క్యారియరు కారులో వెనుక సీటు మీద ఉన్నది. దాని మీద ఆమె శాలువా కప్పి ఉన్నది.

రాత్రి ఇషా నమాజుకు పట్టణంలోని మసీదుకు వెళ్ళినప్పుడు జమాతువారినే భోజనం గురించి అడిగాము. కొత్త ఊళ్ళో అజాన్ వినబడిన వైపు వెళ్ళడం కంటే సులువైన దారి లేదు. ఒక పెద్దమనిషి సందు చివరిదాకా నడిచివచ్చి ఒక చిన్న హోటలు చూపించారు. ఈసారి అమ్మీయే యజమానిని అడిగింది. అతను ఎదురుగా ఉన్న ఖసాయి దుకాణం చూపి, "అక్కడిదే అమ్మా, జబహ్ చేసేది మా తమ్ముడే" అన్నాడు. నిజం చెప్పాలంటే మటన్ పలావులో మసాలా మోతాదు మించింది, అన్నం కొంచెం ముద్దయింది. ఖమ్మంలో ఇంతకంటే మంచిది తిన్నాము. చాయ్ మాత్రం బాగున్నది. అయినా ఏడాది తరువాత అమ్మీ బయట మాంసం తిన్న పూట అది. మసాలా గురించి ఆమె ఒక్క మాట అనలేదు, మేము కూడా అనకుండా ఉంటే బాగుండేది.

క్యారియరులోని చపాతీలు మరునాడు పొద్దున చాయ్‌లో ముంచుకుని అందరమూ కలిసి పూర్తిచేశాము.

ఆదివారం మిఠాయిల పని. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొక్కుడు లడ్డు అనే పేరులోనే దాని తయారీ ఉన్నది. శనగపిండి కారప్పూసలా వత్తి నేతిలో వేపి, దంచి, బెల్లం పాకంలో కలిపి, మళ్ళీ రోట్లో తొక్కుతారు. అందుకే పలుకు తగలకుండా నోట్లో కరిగిపోతుంది. గోధుమపాలు, బెల్లం, నెయ్యితో చేసే నల్లని హల్వా దానికి తోడు. అమ్మీకి చక్కెర వ్యాధి ఉన్నది, వైద్యుడు వద్దన్నాడు. అయినా దుకాణంవాడిని నిలదీసింది: "నెయ్యేనా, డాల్డా కలిపారా?" వాడు నొచ్చుకుని గిన్నె మూత తీసి వాసన చూపించాడు. అర లడ్డు తిని మిగతా సగం అబ్బాయి చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణం పెడన మీదుగా పెట్టుకున్నాము. కలంకారీ అద్దకానికి పేరుపడిన ఊరు అది. కలం, కారీ రెండూ ఫారసీ మాటలే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. తీగలు, పూలు, ఆకులు అల్లుకున్న ఎర్రని గుడ్డ ఒకటి అమ్మీకి నచ్చింది. దస్తర్‌ఖానుగా పరుచుకుందామని కొన్నాము. సముద్రపు వేటనూ దాని ఆహారాన్నీ మనకూ బాటసారులకూ ధర్మసమ్మతం చేసిన ఆదేశం ఉన్నది 'మాయిదా' సూరాలోనే. మాయిదా అంటే ఆహారం వడ్డించిన పళ్ళెరమని, దస్తర్‌ఖాను అని అర్థం చెబుతారు. అబ్బాయి వెనుక సీట్లో ఆ గుడ్డ కప్పుకుని నిద్రపోయాడు.

విజయవాడ దాటాక మధ్యాహ్నం ఆకలి వేసింది. రహదారి పక్కన ఒక హోటలు కనబడితే కారు ఆపాము. బోర్డు మీద కోడి బొమ్మ, మేక బొమ్మ, మరే వివరమూ లేదు. మేము సీటు బెల్టు విప్పుకునేలోపే మా అమ్మాయి దిగి లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి, అమ్మీ కూర్చున్న వైపు కిటికీ దగ్గర వంగింది.

"కాదట దాదీ. పెరుగన్నం ఉందట, ఆవకాయ ఉందట."

అమ్మీ తలుపు తెరుచుకుని దిగింది.